ఏ.ఎస్.పేట దాటినాక

రాయి కోసే మిషన్లు ఆగినాక
ఎర్రగుంట్లకు కాసేపు చెవులు వినపడతాయి.
అప్పుడొస్తాడు మౌలాలి,
కనురెప్పల మీద కూడా బండపొడితో,
పెండ్లయిన ఇరవై రెండు దినాలకే
ముసలోడైపోయిన మాదిరి.
మొగం కడుక్కుంటే మళ్ళీ ఇరవై ఆరేండ్లు.

మా వంటింట్లో పొయ్యి పెట్టిన నల్లబండ
మూల విరిగిందని ఫ్యాక్టరీవాళ్ళు పారేసినదే.
దాని మీద, పొయ్యికి ఇవతల పక్క,
సుద్దముక్కతో గీసినాడు
సముద్రం ఒడ్డు.

"ఇది కొడవలి గదా" అన్నా.
"కొడవలే. పిడి కాడ మైపాడు.
మొన కాడ సూర్యలంక.
మనం పోతాంటే నీళ్ళు
పక్కనే వస్తాంటాయి."
చూసినోని మాదిరే చెప్తాడు.
చెప్పింది స్లాబుల లారీ తోలే సుంకన్న.
మౌలాలి చూసిన పెద్ద నీళ్ళు మైలవరం డ్యాము,
అదీ గేట్లెత్తిన నాడు, పోలీసులు వెనక్కి తోస్తాంటే.
నేను అదీ చూళ్ళేదు.

మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు,
ఊరికొక బొరుగు పెట్టినాం గుర్తుకు.
పెట్రోలు లెక్కేసినాం. లాడ్జీలో
ఆధార్ కార్డులు రెండూ అడుగుతారంట.
నా కార్డులో ఇంకా మా నాయన పేరే ఉంది,
మొగుడూ పెండ్లాలమని ఎవరు నమ్మాల?
"పెండ్లి ఫోటో ఫోన్లో ఉండాదిలే" అంటాడు.
ఆ ఫోటోలో ఇద్దరం కండ్లు మూసుకున్నాం.

నేను అడగాల్సింది అది కాదు.
అంత దూరం బండి మీద పోతే
దారిలో ఆడమనిషి యాడ దిగాల?
అడిగేదానికి మూడు రాత్రులు పట్టింది.
నవ్వలేదు.
లేచి, సుద్దముక్క వెతుక్కొని,
దారి పొడుగునా పెట్రోలు బంకులు
ఒక్కొక్కటే గుండ్రంగా చుట్టినాడు.
"బద్వేలు దాటినాక ఇది శుభ్రంగా ఉంటాదంట,
సుంకన్న పెండ్లాం చెప్పిందంట."
ఎప్పుడు అడిగి పెట్టుకున్నాడో!
మొదటిరాత్రి మూరలు మూరలు మల్లెపూలకు పుట్టనిది
ఆ సుద్ద సున్నాలు చూస్తే
పుట్టింది నాలో.

హనీమూన్ అనే మాట టీవీలో వస్తే
మా ఇంట్లో సౌండు తగ్గిస్తారు.
అందుకే అత్తతో
"ఏ.ఎస్.పేట దర్గాకు పోయొస్తాం" అన్నాడు.
అబద్ధం కాదు. దర్గా దారిలోనే.
ఫాతెహా చదివించుకొని
అట్లే ఇంకొంచెం ముందుకు పోతాం, అంతే.
"దర్గాకు నాలుగు దినాలెందుకురా" అని
అత్త అడగలేదు.
చాదరుకని కొంగుముడి విప్పి
రెండు వందలిచ్చింది.

నాలుగు దినాలు కూడా రెండే అయినాయి.
బెంగుళూరు లోడు ఉంది, మనుషుల్లేరు, అన్నాడంట మేస్త్రీ.
ఆ రాత్రి సూర్యలంక తుడిచినాం.
వాడరేవు తుడిచినాం, కొత్తపట్నం తుడిచినాం.
నా అరచెయ్యి అంతా తెల్లగా అయింది.
కొడవలికి పిడి ఒకటే మిగిలింది.
"పట్టుకునేది పిడే గదా" అన్నాడు.
ఆయనకు ఏడుపొస్తే ఇట్లాంటి మాటలే వస్తాయని
అప్పటికి నాకు తెల్దు.

బేస్తవారం తెల్లారుజామున
హెల్మెట్టు బిగించుకుంటాంటే
అత్త వాకిట్లోకొచ్చింది, చేతిలో ఖాళీ సీసా.
"దర్గా దాటినాక ఉప్పునీళ్ళు ఉంటాయంట గదా.
ఒక సీసా పట్టుకరాండి.
మోకాళ్ళకు మంచిదంట."
మా మొగాలకేసి చూడకుండా చెప్పి,
కోళ్ళగంప ఎత్తేదానికి పోయింది.
మౌలాలికి కిక్కు రెండుసార్లు తప్పింది.

రైలుగేటు కాడ ఆగినప్పుడు తోచింది నాకు:
రోజూ బండ తుడిచేది ఆమే.
ఇన్ని దినాలూ ఇవతల పక్కకు
తడిగుడ్డ రాలేదు.

సీసా బాగా కడిగినట్టుంది,
అయినా చెనిక్కాయ నూనె వాసన.
ఒళ్ళో పెట్టుకుంటే, బండి వేగానికి
గాలి దాని నోట్లో దూరి
ఊఁ ఊఁ అని ఒకటే మూలుగు.
మైదుకూరు కాడ టీకి ఆగినప్పుడు చూసుకున్నా,
దానికి మూత లేదు.